బెల్గొరోద్‌కు శనివారపు రైలు

మా అన్న కూతురు జర్మనీలో ఒక చిన్న పట్టణంలో పై చదువు చదువుతోంది. అక్కడి పిల్లలకు శుక్రవారం సాయంత్రమయ్యేసరికి గదిలో కాలు నిలవదట. వీపున సంచి తగిలించుకొని ఏదో ఒక రైలెక్కి, పొద్దున ఒక దేశంలో నాస్తా, సాయంత్రం ఇంకో దేశంలో చాయ్ అన్నట్టు తిరిగి, ఆదివారం పొద్దుపోయాక మళ్ళీ హాస్టల్‌కు చేరుకుంటారట. మొన్నామధ్య ఆ పిల్ల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. ఏదో వీధిలో కాలిబాట మీద తెల్లని గీత. గీతకు ఈవల ఒక దేశం, ఆవల మరో దేశం. అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడి నవ్వుతోంది. కింద నాకోసమే ఒక ప్రశ్న: "చాచా, మీరు సదువుకునేటప్పుడు గూడ శనివారం ఐతారం గిట్లనే దేశాలు తిరిగేటోళ్ళా?"

నేను అప్పుడు దవాఖానలో ఉన్నాను. బయట బెంచీ మీద ఇంకా కొందరు నా పిలుపు కోసం కూర్చొని ఉన్నారు. 'తిరిగినం బేటా' అని మాత్రం రాసి ఫోను పక్కన పెట్టాను. నిజమే, తిరిగాం. కానీ మేము తిరిగిన తీరు వేరు. మేము ఆ రైలెక్కడం మొదలుపెట్టినప్పుడు అది చేరే ఊరు పరాయి దేశంలో లేదు. ఎక్కుతూ దిగుతూ ఉండగానే, మా చదువు సగంలో ఉండగా, అది పరాయి దేశమయింది. ఒక్క ముక్కలో ఫోనులో రాసే సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను. సోవియట్ యూనియన్ అనగానే, బస్టాండు పక్కన వ్యాను నిలిపి అగ్గువకు అమ్మిన నున్నటి కాగితాల బొమ్మల పుస్తకాలు గుర్తుకొచ్చే నా ఈడువాళ్ళకు ఇది సులువుగానే అర్థమవుతుందని అనుకుంటాను.

మాది ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. అమ్మీ, అబ్బా, ఆపా, చాచా అని వరసలకు మాత్రం ఉర్దూ మాటలు, మిగతాదంతా వరంగల్ తెలుగే. అబ్బా కాజీపేటలో రైల్వే షెడ్డులో పనిచేసేవారు. ఎంత రుద్ది కడుక్కున్నా ఆయన చేతులకు డీజిల్ వాసన పోయేది కాదు. నాకు ఇక్కడ డాక్టరు సీటు రాలేదు. అబ్బాతో పనిచేసే యూనియన్ పెద్దమనిషి ఒకాయన, సోవియట్‌లో స్కాలర్‌షిప్ మీద వైద్యం చదివిస్తారని చెప్పి, దరఖాస్తు తానే తెచ్చి పెట్టించాడు. మా ఇంట్లో అప్పటికి దూరమంటే ఏటూరునాగారమే. మా ఆపాను అక్కడ ఇచ్చినప్పుడు, నా బిడ్డ అడవి అవతలికి పోయిందని అమ్మీ చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అలాంటి మనిషి నా విషయంలో ఎందుకో నిబ్బరంగా ఉంది. ఎవరైనా అడిగితే, "ఆడపిల్లనిచ్చినట్టు గాదు గద, సదువైనంక మల్ల ఇంటికే వస్తడు," అనేది.

ఆ ఏడాదే హన్మకొండ నుంచి ఇంకొక అబ్బాయి కూడా బయలుదేరాడు. వాళ్ళది చౌరస్తా దగ్గర పేరున్న బట్టల దుకాణం. వాళ్ళింట్లో మాంసం మాట అటుంచి, కొన్ని రోజులు ఉల్లిగడ్డ కూడా ముట్టరు. ఒకే ఊళ్ళో పెరిగిన మేమిద్దరం మొదటిసారి కలుసుకున్నది ఢిల్లీలో, విమానం ఎక్కే వరసలో. నాకంటే కొన్ని నెలలు పెద్దవాడు. మొదటి ఏడాది రష్యన్ భాష నేర్చుకున్నాక ఇద్దరికీ ఖార్కోవ్‌లోని వైద్య విద్యాలయంలోనే చోటు దొరికింది. ఇప్పుడు ఆ నగరాన్ని ఖార్కివ్ అంటున్నారు. మేము ఉన్నప్పుడు మా చుట్టూ అందరూ రష్యన్ మాట్లాడుతూ ఖార్కోవ్ అనే అనేవారు, నా నోటికి ఇప్పటికీ అదే వస్తుంది.

మా తరగతిలో బెల్గొరోద్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. మేము మాట్లాడే రష్యన్‌లోని తప్పులను అక్కడికక్కడే దిద్దేది, దిద్దినందుకు మేము చిన్నబుచ్చుకుంటామేమో అన్న ఆలోచన కూడా ఆమెకు వచ్చినట్టు ఉండేది కాదు. బెల్గొరోద్ అంటే తెల్ల ఊరు అని అర్థం, అక్కడి గుట్టలు సుద్దగుట్టలు. ఖార్కోవ్ నుంచి ఉత్తరంగా, మన వరంగల్ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట ఎంత దూరమో, ఇంచుమించు అంతే. ఖార్కోవ్ ఉక్రెయిన్‌లోది, బెల్గొరోద్ రష్యాలోది. కానీ అప్పుడు ఆ రెండూ ఒకే దేశంలోని రెండు రిపబ్లిక్కులు, వాటి మధ్య గీత ఎక్కడుందో అక్కడివాళ్ళలోనే చాలామందికి తెలియదు. ఆ అమ్మాయి తల్లి, అన్న బెల్గొరోద్‌లో ఉండేవారు. అక్కను ఖార్కోవ్‌లోని ట్రాక్టర్ల కర్మాగారంలో పనిచేసే అతనికి ఇచ్చారు. తండ్రి లేడు. వాళ్ళకు శనివారమంటే అక్కాచెల్లెళ్ళిద్దరూ రైలెక్కి తల్లి దగ్గరికి పోవడమే.

ఒక సెప్టెంబరులో ఆ అమ్మాయి మమ్మల్నిద్దరినీ ఆలుగడ్డలు తవ్వడానికి పిలిచింది. విదేశీ విద్యార్థులు నగరం దాటి పోవాలంటే కార్యాలయంలో చెప్పి అనుమతి తీసుకోవాలి. అక్కడ కూర్చునే పెద్దామె, ఎందుకు పోతున్నారని అడిగి, ఆలుగడ్డలు తవ్వడానికి అనగానే మారుమాట లేకుండా ముద్ర వేసింది. ఆ దేశంలో ఆలుగడ్డలకు మించిన కారణం లేదని మాకు తర్వాత తెలిసింది.

ఆ రైలును ఎలెక్ట్రిచ్కా అనేవారు. మన ప్యాసింజరు బండి వంటిదే, ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, కూర్చోవడానికి చెక్క బల్లలు. ముసలమ్మలు బకెట్లలో ఆపిల్ పండ్లు పెట్టుకొని, పిల్లులను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ప్రయాణం చేసేవారు. రైల్వే షెడ్డు చుట్టూ పెరిగిన నాకు ఏ బండిలో కూర్చున్నా మనసు నెమ్మదిగా ఉంటుంది. మా హన్మకొండవాడికి మాత్రం పక్కవాళ్ళ సంచుల్లో ఏముందోనన్న బెంగ. చేపలు గానీ ఉంటే వాసన మొదలుకాక ముందే లేచి తలుపు దగ్గరికి పోయేవాడు.

బెల్గొరోద్ అమ్మాయి తల్లి సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసేది. రష్యన్‌లో అమ్మను 'మామ' అంటారు. మమ్మల్ని కూడా అలాగే పిలవమన్నది. పిల్లనిచ్చే మామను పిలిచినట్టుందని మావాడు మొదటి రోజంతా ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాడు. ఆమెకు మా తిండి ఒక పెద్ద చిక్కు. ఒకడు మాంసమే తినడు, రెండోవాడు ఇంట్లో ఉన్న మాంసం తినడు. క్యాంటీన్‌లో వందలమందికి వండిన మనిషి, మా ఇద్దరి ముందు గరిటె పట్టుకొని కాసేపు నిలబడిపోయింది. ఆ తర్వాత కొత్త పెనం ఒకటి తెచ్చి మేకుకు తగిలించి, ఇది ఇండియావాళ్ళది, దీంట్లో పందికొవ్వు పడితే చేతులు విరుగుతాయని కొడుకుతో చెప్పింది. ఆ పెనం మీద ఆలుగడ్డలు వేయించి, మన సోయకూర వంటి ఆకు ఒకటి సన్నగా తరిగి చల్లి, పక్కన ఉప్పులో ఊరేసిన కీరకాయలు, పుల్లటి మీగడ పెట్టేది. మా హన్మకొండవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసా ఒకసారి అక్కడ తెరిచాడు. మామ ఒక ముక్క నోట్లో పెట్టుకొని, నీళ్ళు తాగి, కొంచెం ఊపిరి తీసుకొని, ఇంకో ముక్క అడిగింది.

ఇంటి వెనుక నేల నల్లగా, తడిస్తే కాళ్ళకు పెళ్ళలు పెళ్ళలుగా అంటుకునేది. అచ్చం మన నల్లరేగడి. ఆ అమ్మాయి అన్న సైన్యంలో కొలువు ముగించుకొని వచ్చి, తల్లి పనిచేసే ఫ్యాక్టరీలోనే చేరాడు. మాటలు తక్కువ. అతను పలుగుతో గడ్డ లేపుతూ పోతే మేము వెనక ఏరుకుంటూ పోయేవాళ్ళం. ముగ్గురిలో పెద్దదైన అక్క మాత్రం ఒక చోట నిలవకుండా, తమ్ముడి పని తీరుకు వంకలు పెడుతూ, అతను ఉలకకపోతే మట్టిపెళ్ళ తీసి వీపు మీద విసురుతూ, నవ్విస్తూ ఉండేది. సాయంత్రం మా సంచుల నిండా ఆలుగడ్డలు నింపి, నలుగురినీ రైలెక్కించేవారు. ఆ తర్వాత మూడేళ్ళు, చలికాలం మంచు మరీ ఎక్కువైనప్పుడు తప్ప, వారం విడిచి వారం శనివారాలు మాకు అక్కడే గడిచాయి. సెలవులు కలిసివస్తే మిన్స్క్ దాకా, కిషినెవ్ దాకా కూడా పోయివచ్చాం. కోటలూ చర్చిలూ చూశాం గానీ వాటిలో ఏది ఏ ఊళ్ళో ఉందో ఇప్పుడు చెప్పలేను. మామ ఇంటి గడపలో కుడివైపు ఉండే రబ్బరు బూట్ల వరస మాత్రం ఏది ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను.

దేశం విడిపోయిన సంగతి మాకు హాస్టల్ టీవీ గదిలో తెలిసింది. పరీక్షల ముందు రోజులు. వంటగది పెద్దామె గరిటె పట్టుకొని వచ్చి కొంతసేపు చూసి, సూప్ అడుగంటుతుందని వెళ్ళిపోయింది. మా ఇండియా పిల్లలకు మాత్రం, మేము వచ్చిన దేశమే లేకపోతే మా పట్టా ఎవరిస్తారన్న ఒకటే ఫికర్. తర్వాతి కాలంలో మన రాష్ట్రం వేరుపడటం కూడా చూశాను. ఇక్కడివాళ్ళు అడిగి, కొట్లాడి తెచ్చుకున్నారు, సంబరపడ్డాం. అయినా ఆ మరునాడు నల్లగొండ నుంచి బెజవాడ పోవడానికి ఎవరినీ ఎవరూ ఆపలేదు. అందుకే ఆ రెంటినీ నేను ఒక గాటన కట్టను.

మొదట్లో రైల్లో ఏమీ మారలేదు. అదే చెక్క బల్లలు, అవే ముసలమ్మలు. పరాయి దేశం పోతున్నామే అని మామ కూతుళ్ళు నవ్వుకునేవారు. ఆ తర్వాత రెండు దిక్కులా నోట్లు వేరయ్యాయి. తర్వాత దారి మధ్యలో యూనిఫాం వేసుకున్నవాళ్ళు పెట్టెల్లోకి ఎక్కి సంచులు చూడటం మొదలుపెట్టారు. మా పాస్‌పోర్టులు అటూ ఇటూ తిప్పి చూసి, విద్యార్థులని విడిచిపెట్టేవారు. వాళ్ళకూ రూల్సు సరిగ్గా తెలిసేవి కావు. మేము నాలుగో ఏడు దాటేదాకా అలాగే సాగింది.

ఈ మధ్యలోనే ఇంకొకటి జరిగింది, నేను ఆలస్యంగా గమనించాను. పరీక్షల వారంలో కూడా మా హన్మకొండవాడు శనివారం అనగానే తయారుగా ఉంటున్నాడు. చేపల వాసనకు లేచి పోవడం మానేశాడు. ఆలుగడ్డలు ఏరడానికి ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడిని నేను అతన్నొక్కడినే చూశాను. చివరికి ఒక రోజు హాస్టల్‌లో అన్నం వండుకుంటుండగా తానే బయటపడ్డాడు.

"అరేయ్, పెండ్లి జేసుకుందామనుకుంటాన్న."

"ఎవర్ని?"

"నీకు ఎర్కలేదా?"

"ఎర్కనే. నీ నోటితోని విందామని."

అన్నం గిన్నె మీద మూత పెట్టాడు. "ముందుగాల మామనడగాలె. బాపుకు తర్వాత జెప్త. ఈమెనే ఒద్దంటె బాపుతోని తిట్లు దినుడెందుకు?"

అనుకున్నట్టే ఒక శనివారం ముగ్గురం బయలుదేరాం. ఏప్రిల్ నెల, మంచు కరిగి పొలాలన్నీ నల్లగా బయటపడ్డ రోజులు. హన్మకొండ నుంచి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ పెట్టెలో పెట్టిన పట్టుచీర ఒకటి, ఇన్నేళ్ళూ మడత విప్పనిది, మావాడి సంచిలో ఉంది. సరిహద్దుకు ముందు చిన్న స్టేషన్‌లో బండి ఆగింది. యూనిఫాంవాళ్ళు ఎక్కారు. ఈసారి వాళ్ళకు రూల్సు తెలుసు. మా ఇద్దరి పాస్‌పోర్టులలో ఉక్రెయిన్ వీసా మాత్రమే ఉంది. రష్యాలో అడుగుపెట్టాలంటే దాని వీసా వేరే కావాలి. గట్టిగా మాట్లాడలేదు, కసిరిందీ లేదు. మీరిద్దరూ ఇక్కడే దిగాలి, ఆమె పోవచ్చు అన్నారు.

మేము దిగాం. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. అవతల తల్లి వంట చేసి ఎదురుచూస్తూ ఉంటుంది. "నువ్వు పో, మామ ఎదురుచూస్తది," అని మావాడు కింది నుంచి అన్నాడు. రష్యన్‌లో అనాల్సిన మాట తెలుగులో అన్నాడు. ఆమెకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. బండి కదలబోతుండగా దిగింది. పోయి బెంచీ మీద కూర్చుంది. ముగ్గురం అటు నుంచి వచ్చిన బండిలో ఖార్కోవ్ తిరిగి వచ్చాం. దారిలో ఆమె ఒక్కసారి, వాళ్ళ అక్కతో ఎలా చెప్పాలో తెలియడం లేదని అన్నది. పెళ్ళి విషయం గురించి కాదు. తల్లి ఇంటికి పోయే బండిలోంచి మనుషుల్ని దింపుతున్నారన్న సంగతి గురించి.

మరుసటి వారంలో మామ నుంచి కబురు వచ్చింది. మీరు రాకూడదు గదా, నేను వస్తాను, మీరు ఆ చిన్న స్టేషన్‌కు రండి అని. ఆమె రష్యావాసి గనుక రావడానికి అడ్డు లేదు. ఆ శనివారం మేము ఇటు నుంచి, ఆమె అటు నుంచి వచ్చి ఆ స్టేషన్‌లో దిగాం. నెత్తికి పండుగలకు కట్టుకునే పూల రుమాలు కట్టుకున్నది. బెంచీ మీద తువాలు పరిచి ఉడికించిన గుడ్లు, ఆలుగడ్డలు, కీరకాయలు, ఫ్లాస్కులో చాయ్ పెట్టింది. ఎందుకు వచ్చామో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. మావాడు నేర్చుకొని వచ్చిన మాటలన్నీ మరిచిపోయి, చీర తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని నిమిరి చూసి, మడత అలాగే ఉంచి, నా వైపు తిరిగింది.

ఆమె రష్యన్‌లోనే మాట్లాడింది. కానీ ఎప్పుడు తలుచుకున్నా ఆ మాటలు నాకు మా వరంగల్ మాటల్లోనే వినబడతాయి, అందుకని అలాగే రాస్తాను.

"నువ్వు జెప్పు. వీని అమ్మ ఎసోంటిది?"

నేను వాళ్ళమ్మను అప్పటికి సెలవుల్లో రెండు మూడుసార్లు చూశాను. "ఇంటికొచ్చినోళ్ళను తినకుంట పోనియ్యది," అన్నాను.

"అయితే నా బిడ్డ బతుకుతది," అని గుడ్డు పెంకు ఒలవడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అన్నది: "పెద్దదాన్ని పక్కూరికే ఇచ్చిన. దగ్గర, వారం వారం చూసుకోవచ్చనుకున్న. నేను యాడికి పంపకున్నా ఆ ఊరే పరదేశమై కూసున్నది. ఇగ దూరం దగ్గర చూసి ఇచ్చుడేంది? మనిషిని చూసి ఇయ్యాలె."

అంతే. ఒలిచిన గుడ్డు మావాడి చేతిలో పెట్టింది. గుడ్డు తినని వాడు, ఆ రోజు తిన్నాడు. కూతురు తల్లి భుజం మీద తల ఆనించి కూర్చుంది గానీ ఏడవలేదు, తల్లీ ఏడవలేదు. బండి వచ్చే వేళకు తువాలు దులిపి, మిగిలినవన్నీ మా సంచిలో సర్ది, అందరినీ వరసగా ముద్దుపెట్టుకొని ఎక్కింది. మేము కిటికీల వెంట చూస్తూ నిలబడ్డాం. ఆమె మా వైపు కిటికీ దగ్గరికి రాలేదు, అవతలి వైపు పోయి కూర్చున్నది. ఆ పట్టుచీరను ఆమె తర్వాత ముందు గది కిటికీకి పరదాగా కట్టుకున్నదట. ఆ ఇంట్లో అంతకంటే మంచి చోటు లేదు.

ఖార్కోవ్‌లో రిజిస్టరు పెళ్ళి జరిగింది, సాక్షి సంతకం నాది. అప్పటి నుంచి ఆమె నాకు వదిన. చదువులు ముగిసి ముగ్గురం కలిసే ఊరికి వచ్చాం. మా అమ్మీ అన్నట్టే నేను ఇంటికి చేరాను, వదిన ఇల్లు విడిచి వచ్చింది. ఇక్కడ కోడలిని చూసిన వాళ్ళ మామగారు, అంటే మావాడి బాపు, కొడుకుతో మాటలు మానేశారు. అత్తగారు మాత్రం మొదటి పూటే ఎదురుగా కూర్చొని అన్నం కలిపి పెట్టింది. ఇద్దరూ డాక్టర్లే అయినా ఇక్కడి పరీక్షలు రాసి, ప్రాక్టీసు పెట్టేదాకా కొంతకాలం పట్టింది. ఆ రోజుల్లో భాష వస్తుందని వదిన ఇంటి కిందే ఉన్న దుకాణంలో కూర్చునేది. బాపు ఆమె ఉన్నవైపు చూసేవారు కాదు.

ఒక మధ్యాహ్నం గుమాస్తాలు అన్నానికి పోయిన వేళ ఊళ్ళ నుంచి పెళ్ళి బట్టలకు కొందరు ఆడవాళ్ళు వచ్చారు. వదిన చీరలు దించి వాళ్ళ ముందు పరిచి, "గది రంగు పోతది అమ్మా. గిది తీస్కోర్రి, జర పిరమే గని పెండ్లికి మంచిగుంటది," అన్నది. గల్లా దగ్గర కూర్చున్న బాపు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రం చాయ్ వచ్చినప్పుడు భార్యతో, "కోడలుకు చక్కెర జర తక్కువెయ్యి. గంత తీపి తాగుతలేదామె, రోజూ సగం ఇడ్సిపెడ్తాంది," అన్నారట. చూడనట్టు ఉంటూనే అన్నీ చూశారన్న మాట. మావాడు ఈ సంగతి నాతో చెప్పడానికి స్కూటర్ మీద హన్మకొండ నుంచి స్టేషన్ రోడ్డులోని మా ఇంటి దాకా వచ్చాడు.

మామ ఒక్కసారి ఇక్కడికి వచ్చింది, మనవడు పుట్టిన ఏడాది. రామప్ప చూపించడానికి తీసుకుపోతుంటే దారిలో పత్తిచేను పక్కన కారు ఆపమన్నది. దిగి, వంగి, ఇంత మట్టి చేతిలోకి తీసుకొని నలిపి, బాగానే ఉన్నదని తల ఊపి మళ్ళీ ఎక్కింది. గుడి గురించి ఏమన్నదో నాకు గుర్తులేదు. కొన్నేళ్ళకు తన ఇంట్లోనే, నిద్రలోనే పోయింది. వదిన పోయి రాగలిగింది. ఖార్కోవ్ నుంచి అక్క కూడా అప్పటికింకా రాగలిగింది. ముగ్గురు పిల్లలూ తల్లి దగ్గర చివరిసారి కలుసుకున్నది అప్పుడే.

ఆ తర్వాత జరిగిందంతా పేపర్లలో మీరు చదివిందే. ఆ రైలును ముందు తగ్గించారు, తర్వాత సరిహద్దు దగ్గరే ఆపేశారు, ఆ తర్వాత యుద్ధం వచ్చింది. ఖార్కోవ్‌లో అక్క ఉండే అపార్ట్‌మెంటుకు ఒక పక్క అద్దాలు లేవు. బెల్గొరోద్‌లో అన్న ఇంటి దగ్గర కూడా సైరన్ మోగుతుంది. మొదట్లో ఇద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. తప్పు ఎవరిదన్న దగ్గర మాట పెరిగింది. అక్క ఇక ఫోను చెయ్యొద్దన్నది, తమ్ముడు చెయ్యనన్నాడు. ఇద్దరూ పెద్దవాళ్ళు, ఇద్దరూ మామ పిల్లలే, నోటి నుంచి వచ్చిన మాట మీద నిలబడతారు.

ఇప్పుడు హన్మకొండలో కింద బట్టల దుకాణం అలాగే ఉంది, పైన వాళ్ళిద్దరి దవాఖాన. మావాడు పిల్లల డాక్టరు, వదిన ఆడవాళ్ళను చూస్తుంది. మొన్న ఒక పేషెంటు విషయం మాట్లాడుదామని పొద్దున్నే పోయాను. ఓపీ ఇంకా మొదలుకాలేదు. వదిన ఫోనులో ఉంది, కూర్చోమని సైగ చేసింది. ఎంత కాలమైనా ఆ భాష నా చెవికి అందుతుంది. అవతల అక్క. నేలమాళిగలో కరెంటు వచ్చిందని, మనవరాలికి దగ్గు తగ్గిందని చెప్పింది. పెట్టేసే ముందు, వాడి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, గోళీలు వేసుకుంటున్నాడా అని అడిగింది. వదిన ఫోను పెట్టి మళ్ళీ కలిపింది. ఈసారి అన్న. మోకాళ్ళ సంగతి చెప్పాడు. చెప్పి, అక్కడ కరెంటు వచ్చిందా అని అడిగాడు. అక్క పేరు ఎత్తలేదు, అక్కడ అన్నాడు.

మా ఆలుగడ్డల సంచులతో సాయంత్రం బయలుదేరి రాత్రి భోజనం వేళకు చేరుకున్న దూరమది. ఇప్పుడు ఒక దగ్గు తగ్గిన కబురు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి, హన్మకొండలో ఒక మెట్ల మీది గదిలో చేయి మారి, మళ్ళీ అంత దూరం పోవాలి. రోజూ ఇంతేనా అని అడిగాను.

"రోజూ," అన్నది వదిన. "ఇద్దరికి ఇద్దరు, నేనడిగిన్నని చెప్పకు అంటరు."

"నువ్వు చెప్తవా మరి?"

"చెప్ప," అని స్టెతస్కోపు అందుకున్నది. "అక్క అడిగిందని అన్నకు చెప్ప. అన్న అడిగిండని అక్కకు చెప్ప. గని రేపు పొద్దుగాల ఫోను చెయ్యంగనే, ఇద్దరు ముందుగాల గదే అడుగుతరు. నిన్న అక్కడ నువ్వేం చెప్పినవని."